లగ్నపత్రికలు మార్చుకున్న తరువాత

పెళ్ళి మాటల్లో మనవాళ్ళకు ఒక లెక్క ఉంది. పిల్లను చూసుకున్నా, పెట్టుపోతలు మాట్లాడుకున్నా, వంటవాడికి కబురు పెట్టినా అవన్నీ మాటలే. ఏ పక్షంవారైనా "జాతకాలు కుదరలేదండీ" అనేసి చల్లగా జారుకోవచ్చు. కాని వియ్యంకులిద్దరూ లగ్నపత్రికలు రాయించి, పసుపు బొట్లు పెట్టి, ఒకరిది ఒకరు పుచ్చుకున్నారంటే మాత్రం ఇక వెనక్కి తగ్గడం కుదరదు. తగ్గితే పదిమందిలో తల దించుకోవలసిందే.

ఇంగ్లండులో ఇల్లు కొనడం కూడా అచ్చంగా ఇదే తంతు అంటే మీరు నవ్వుతారు. నిజమేనండీ. అక్కడ ఇల్లు నచ్చి, ధర కుదిరి, చేతులు కలిపినా ఎవరూ ఎవరికీ బద్ధులు కారు. సొలిసిటర్లు ఉత్తరాల నెత్తిన "ఇది ఒప్పందానికి లోబడి" అని ఒక ముక్క రాసి పెడతారు. అంటే ఇంకా పెళ్ళిచూపుల ఘట్టమేనన్నమాట. ఆ తరువాత ఒకే మాదిరి ఒప్పందం రెండు ప్రతులు తయారవుతాయి. అమ్మేవారు ఒకదాని మీద, కొనేవారు ఒకదాని మీద సంతకం చేసి ప్రతులు మార్చుకుంటారు. దాన్ని వాళ్ళు ‘ఎక్స్చేంజి’ అంటారు. అది జరిగిన క్షణంనుంచీ ఇద్దరూ కట్టుబడి ఉండాలి. ఇల్లు చేతులు మారే రోజు ఆ తరువాత ఎప్పుడో వస్తుంది. దాన్ని ‘కంప్లీషన్’ అంటారు. మొదటిది లగ్నపత్రిక, రెండవది మాంగల్యధారణ. ఈ రెంటి మధ్యా ఉన్న రోజుల్లో ఏదైనా తప్పితే ఎవరి గతి ఏమవుతుంది అన్నదే నేను ఇప్పుడు చెప్పబోయే చరిత్ర.

ఈ పత్రాల గొడవ పాతదే. 1677లో ఇంగ్లండు పార్లమెంటు మోసాల నివారణకని ఒక చట్టం చేసి, భూమి అమ్మకపు ఒప్పందం కాగితం మీద లేకపోతే కోర్టులో చెల్లదంది. నోటిమాట సాక్షులను డబ్బిచ్చి తెచ్చుకోవడం ఆ రోజుల్లో అంత సులభమన్నమాట. ఆ నియమమే 1925 ఆస్తి చట్టంలోకి వచ్చింది. 1989లో దాన్ని ఇంకా బిగించారు. షరతులన్నీ రాతలో ఉండాలి, ఉభయులూ సంతకం చెయ్యాలి, లేకపోతే అది ఒప్పందమే కాదు.

ప్రతులు మార్చుకోవడం అంత ముఖ్యమా అంటే, 1948 నాటి లా రిపోర్టుల్లో ఒక కేసు ఉంది. కొనేవారు సంతకం చేసిన ప్రతిని టపాలో పంపేశారు. అమ్మేవారు కూడా తమ ప్రతి మీద సంతకం చేశారు గాని పంపలేదు. ఈలోగా ఇంకొకరికి అమ్మేశారు! కోర్టుకు వెళితే, మీ పత్రిక వెళ్ళింది గాని వారి పత్రిక రాలేదు కదా, కాబట్టి ఒప్పందం లేదు పొమ్మన్నారు. పాపం, ఆ కొన్నవారి ముఖం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు అసలు చిక్కులోకి వద్దాం. మన దగ్గర ఇల్లు కొనేవాడు సాధారణంగా పొలం అమ్మో, నగలు తాకట్టు పెట్టో, బ్యాంకు అప్పు తీసుకునో కొంటాడు. ఇంగ్లండులో చాలామంది ఉన్న ఇల్లు అమ్మి ఆ డబ్బుతో ఇంకొక ఇల్లు కొంటారు. కొత్తగా పెళ్ళయిన జంట ఒక చిన్న ఇల్లు కొంటుంది. ఆ చిన్న ఇల్లు అమ్మినవారు పిల్లలు పెరిగారని మూడు గదుల ఇల్లు కొంటారు. ఆ మూడు గదులవారు ఇంకా పెద్దది కొంటారు. ఆ పెద్ద ఇల్లు అమ్మిన ముసలావిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోతుంది. వీళ్ళంతా ఒకే రోజు, ఇంచుమించు ఒకే పూట ఇళ్ళు మారాలి. పొద్దున్న కింది జంట డబ్బు కదిలితే గాని, సాయంత్రం ముసలావిడ తాళంచెవి ఇవ్వదు. దీన్నే వాళ్ళు ‘చెయిన్’ అంటారు. మనం గొలుసు అనుకుందాం.

గొలుసు అందంగానే ఉంటుంది, ఒక కొండీ ఊడేదాకా.

కొండీ ఊడితే ఏమవుతుందో తెలియాలంటే ముందు సంచకారం సంగతి తెలియాలి. ప్రతులు మార్చుకునేటప్పుడు కొనేవారు ధరలో కొంత ముందుగా ఇస్తారు. వాడుకలో నూటికి పది. మనం బయానా అంటాం. పూర్వపు తెలుగువాళ్ళు సంచకారం, సంచకరువు అన్నారు. సంస్కృతంలోని సత్యంకారం ఇలా అరిగి మన నోట్లో పడింది. మాట సత్యం చేయడానికిచ్చే సొమ్ము అన్నమాట. ఎంత చక్కటి పేరో చూడండి!

ఈ సొమ్ము గురించి 1884లో ఇంగ్లండు అప్పీలు కోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. పన్నెండున్నర వేల పౌన్ల ఆస్తికి ఒకాయన 500 పౌన్లు బయానా ఇచ్చి, డబ్బు సమకూరక గడువులు దాటించాడు. చివరికి నా 500 నాకిమ్మన్నాడు. అక్కడ జడ్జీ ఫ్రై గారు చరిత్రంతా తవ్వి, సంచకారం అనేది ధరలో భాగం మాత్రమే కాదు, మాట నిలబెట్టుకుంటానన్న పూచీ అని తేల్చారు. మాట తప్పినవాడు పూచీ తిరిగి అడగకూడదు. 500 పౌన్లూ పోయాయి.

ఆరో శతాబ్దంలో రోమను చక్రవర్తి జస్టీనియన్ చట్టం ఏమంటుందంటే, కొనేవాడు తప్పితే బయానా పోగొట్టుకోవాలి, అమ్మేవాడు తప్పితే రెట్టింపు ఇవ్వాలి. మన యాజ్ఞవల్క్యస్మృతి కూడా సత్యంకారం పుచ్చుకుని మాట తప్పితే రెట్టింపు కట్టమంటుంది. ఎక్కడి రోము, ఎక్కడి మన యాజ్ఞవల్క్యుడు! మనిషి మాట తప్పే తీరు అన్ని దేశాల్లోనూ ఒకటే కాబట్టి మందు కూడా ఒకటే అయి ఉంటుంది.

అయితే నూటికి పది అన్నది కూడా దేవుడు రాసిన అంకె కాదు. జమైకాలో ఒక ఆస్తికి నూటికి ఇరవై అయిదు బయానాగా తీసుకుని, కొన్నవాడు గడువు తప్పగానే మొత్తం మింగబోతే, 1993లో లండనులోని ప్రివీ కౌన్సిలు అది సంచకారం కాదు, దండుగ అని మొత్తం వెనక్కి ఇప్పించింది. సంచకారం పేరు పెట్టినంత మాత్రాన ప్రతీదీ సంచకారం అయిపోదన్నమాట.

గొలుసులో ఇంకొక తమాషా ఉంది. ప్రతివాడి దగ్గరా విడిగా బయానా డబ్బు ఉండదు. అందుకని కింది జంట ఇచ్చిన బయానానే వాళ్ళ పైవాడు తన కొనుగోలుకు బయానాగా వాడుకోవచ్చని అక్కడి ఒప్పందపు షరతుల్లో ఉంటుంది. అలా ఒక్కటే సొమ్ము మెట్టు మెట్టుగా పైకి పాకిపోతుంది. పైన ఎక్కడో కొండీ ఊడితే, తప్పు లేని కింది జంటకు తమ డబ్బు రాబట్టుకునే హక్కు ఉంటుంది నిజమే. కాని హక్కు వేరు, చేతిలో డబ్బు వేరు కదండీ.

ఇక కేసుల్లోకి వస్తాను.

1977 జూలై 12. లా పుస్తకాల్లో రైనేరి, మైల్స్ కేసు అని పేరు పడ్డ వ్యవహారం. ఆ రోజు గొలుసులో ఇళ్ళు మారాలి. మధ్యనున్న కుటుంబం తమ ఇల్లు కిందివారికి ఇచ్చి, అదే రోజు పైవారి ఇంట్లోకి వెళ్ళాలి. సరిగ్గా ముందురోజు పైవారు, రేపు మా వల్ల కాదు అని కబురు పెట్టారు. పైవారు ఖాళీ చేయకపోతే మధ్యవారు ఎక్కడికి పోతారు? వాళ్ళూ కదలలేదు. కిందివారు మాత్రం అప్పటికే తమ పాతచోటు వదులుకున్నారు. సామానుతో సహా నడివీధిలో పడ్డట్టే. తలదాచుకోవడానికి డబ్బు పోసి వేరే చోటు చూసుకోవలసి వచ్చింది. ఆ ఖర్చు కోసం మధ్యవారి మీద దావా వేశారు.

మధ్యవారి వాదన వినండి. తప్పు మాది కాదు, పైవారిది. పైగా అమ్మకాల్లో తేదీ అన్నది అంత ప్రాణప్రదమైన షరతు కాదని మీ కోర్టులే ఎన్నాళ్ళుగానో అంటున్నాయి కదా! ఈ మాటలో కొంత నిజం ఉంది. ఒకటి రెండు రోజులు ఆలస్యమైనంత మాత్రాన ఒప్పందం రద్దు చేసుకోనివ్వరు. ముందు నోటీసు ఇవ్వాలి, గడువు పెట్టాలి. ఇప్పటి వాడుకలో పది పనిదినాలు. కాని 1980లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక ముడి విప్పింది. ఒప్పందం రద్దు చేసుకోవడం వేరు, నష్టం అడగడం వేరు. తేదీ అని రాసుకున్నాక ఆ తేదీ తప్పడం మాట తప్పడమే. కాబట్టి మధ్యవారు కిందివారికి నష్టం ఇచ్చుకోవాలి. తాము ఇచ్చింది పైవారి దగ్గర రాబట్టుకోవాలి.

న్యాయంగానే ఉంది కదా అనిపిస్తుంది. కాని నేను ఆలోచించేకొద్దీ ఆ మధ్యవారి మీదే మనసు పోతుంది. పైవాడు డబ్బున్నవాడైతే సరే. దివాలా తీసినవాడైతే? అప్పుడు కిందివారికి ఇవ్వవలసింది ఇవ్వక తప్పదు, పైనుంచి రావలసింది రాదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటామే, అదీ వారి స్థితి. చట్టం దృష్టిలో గొలుసు అనేది అసలు లేనే లేదు. ఉన్నవి ఇద్దరిద్దరి మధ్య విడివిడి ముడులు. ప్రతి ముడికీ ఎవరి పూచీ వారిదే. నా తప్పు కాదు అన్న మాటకు అక్కడ విలువ లేదు.

కొన్నవారు తప్పితే ఏమవుతుందో ఇంకొక కేసు చెబుతుంది. జాన్సన్, ఆగ్న్యూ కేసు. 1973 నవంబరులో ఒక దంపతులు అప్పుల్లో ఉండి, తమ ఇల్లూ పశువులు మేసే భూమీ 1,17,000 పౌన్లకు అమ్మడానికి ఒప్పుకున్నారు. ఆ డబ్బు వస్తే పాత తాకట్లు తీరతాయి, ఇంకొక ఆస్తి కొనడానికి బ్యాంకులో తెచ్చిన అప్పు కూడా తీరుతుంది. కొంటానన్నవారు కొనలేదు. దంపతులు కోర్టుకు వెళ్ళి, వీళ్ళు కొని తీరాలి అని 1974 జూన్‌లో ఆర్డరు తెచ్చుకున్నారు. గెలిచారు కదా అనుకుంటాం. ఆర్డరు కాగితం తయారయ్యేలోగానే తాకట్టు పెట్టుకున్నవాళ్ళు తొందరపెట్టారు. 1975లో ఇల్లూ భూమీ విడివిడిగా అమ్మేశారు. వచ్చిన డబ్బు అప్పులకే చాలలేదు. ఇప్పుడు అమ్మడానికి ఇల్లు లేదు. చేతిలో ఉన్నదల్లా అమ్మమని చెప్పే కోర్టు ఆర్డరు! చివరికి 1979లో హౌస్ ఆఫ్ లార్డ్స్, ఆర్డరు అమలు జరగనప్పుడు దాన్ని వదిలి నష్టపరిహారం అడగవచ్చునని దారి చూపింది. గెలవడానికి అయిదేళ్ళు. ఇల్లు పోవడానికి రెండేళ్ళు చాలలేదూ?

ఇక మూడవది. ఇది చదివిననాటినుంచీ నా మనసులోనుంచి పోవడం లేదు. రాత్, టైలర్ కేసు.

కెంటు జిల్లాలో ఒక ఉద్యోగి, భార్య, ఎదిగిన కూతురు ఒక చిన్న బంగళాలో ఉంటున్నారు. ఇల్లు ఆయన పేరుమీద ఉంది. రిటైరవబోతున్నాడు, నార్‌ఫోక్ వైపు చవగ్గా వేరే ఇల్లు చూసుకున్నాడు. తమ బంగళాను 6,000 పౌన్లకు ఒక యువ దంపతులకు అమ్మేటట్టు 1971 మే 27న ప్రతులు మార్చుకున్నారు. భార్యకు ఊరు మారడం ఇష్టం లేదు. కాని నోరు తెరిచి గట్టిగా వద్దని అనలేదు. మన ఇళ్ళలో తెలియని సంగతా ఇది? మొగుడు ముచ్చటపడి చెబుతుంటే, ఊఁ అనీ అనకుండా ఊరుకునేవాళ్ళు లేరా!

ఊరుకున్నావిడ మర్నాడే ఒక పని చేసింది. 1967లో ఆ దేశంలో దాంపత్య గృహాల చట్టం అని ఒకటి వచ్చింది. మొగుడు వదిలేసిన భార్యకు మొగుడి ఇంట్లో ఉండే హక్కు కొన్నవాడి మీదా బ్యాంకు మీదా చెల్లదని 1965లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చేసింది. ఆడవాళ్ళు నడివీధిన పడతారని దుమారం లేచింది. వైద్యురాలూ, లేబరు పార్టీ నాయకురాలూ అయిన ఎడిత్ సమ్మర్‌స్కిల్ గారు పట్టుబట్టి బిల్లు తెచ్చారు. ఇల్లు మొగుడి పేర ఉన్నా భార్య తన నివాసహక్కును రిజిస్టరు చేయించుకోవచ్చు. అప్పుడు కొన్నవాడు కూడా దాన్ని మన్నించాలి. ఈవిడ మే 28న మొగుడికి ఒక్క ముక్క చెప్పకుండా వెళ్ళి ఆ హక్కు రిజిస్టరు చేయించింది!

మొగుడికి కొన్నాళ్ళదాకా ఈ సంగతే తెలియదు. తెలిశాక బ్రతిమాలాడు. ఆవిడ వినలేదు. ఆ ఏడు అక్టోబరు ఆఖరుకు ఇల్లు అప్పగించాలి. అప్పగించలేకపోయాడు. యువ దంపతులు దావా వేశారు. అది ఇళ్ళ ధరలు మండిపోతున్న కాలం. 6,000 పౌన్ల బంగళా గడువు నాటికి 7,500 అయింది. 1973 జనవరిలో తీర్పు నాటికి 11,500 అయింది.

జడ్జీ మెగారీ గారు బాగా తర్జనభర్జన పడ్డారు. ఇల్లు ఇచ్చి తీరు అంటే మొగుడు భార్య మీదే దావా వెయ్యాలి. సంసారం కోర్టుకెక్కుతుంది. అది చేయించనన్నారు. పోనీ భార్యా కూతురూ ఉన్నట్టే ఇల్లు అప్పగించమంటే, మొగుణ్ణి మాత్రం వెళ్ళగొట్టి వాళ్ళిద్దరినీ కొత్తవాళ్ళ నెత్తిన కూచోబెట్టినట్టవుతుంది. అదీ కుదరదన్నారు. అయితే కొన్నవారికి నష్టం? గడువు నాటి ధర లెక్కిస్తే 1,500. ఆ డబ్బుతో ఇప్పుడు అలాంటి ఇల్లు వస్తుందా? రాదు. కాబట్టి ఇవాళ్టి ధర లెక్కించి 5,500 పౌన్లు ఇవ్వమన్నారు. ఇంచుమించు తాను ఇల్లు అమ్మజూసినంత మొత్తం ఆ రిటైరవబోయే ఉద్యోగి నష్టపరిహారంగా కట్టాలి.

ఇందులో ఇంకొక ముల్లు కూడా ఉంది. ఆయన ఈ డబ్బు కట్టలేక దివాలా తీస్తే, భార్య రిజిస్టరు చేయించుకున్న హక్కు అప్పటి చట్టం ప్రకారం దివాలా ఆస్తులు చూసే ట్రస్టీ మీద చెల్లదు. అతను ఇల్లు అమ్మేయవచ్చు. అంటే ఏ ఇంటికోసం ఆవిడ ఆ పని చేసిందో ఆ ఇల్లే పోయే ప్రమాదం వచ్చిపడింది.

ఆవిడను తప్పుపట్టాలా? ఎవరో అమ్మేస్తే ఏళ్ళ తరబడి తుడిచి, అలికి, పెంచుకున్న ఇల్లు వదిలి పోవలసిన మనిషికి, చెప్పే హక్కు చట్టం ఇచ్చింది. అందులో తప్పు లేదు. సమ్మర్‌స్కిల్ గారు పోరాడిందే అందుకు. నాకు కష్టంగా తోచేది ఆ ఒక్క రోజు తేడా. మే 26న నోరు విప్పి ఉంటే ఎవరికీ పైసా నష్టం లేదు. మే 28న విప్పేసరికి ఒక కుటుంబం కుప్పకూలింది, ఇంకొక జంట రెండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగింది. ఇక ఆ మొగుడు? ఇంట్లో మనిషి మనసులో ఏముందో కనుక్కోకుండా లగ్నపత్రిక మార్చుకోవడం ఏమిటి అని ఆయన్నీ అడగాలనిపిస్తుంది. ఇప్పుడు ఇంగ్లండులో ఇల్లు అమ్మేటప్పుడు, అందులో ఉంటున్న పెద్దవాళ్ళందరి పేర్లూ ముందే అడిగి, ఖాళీ చేస్తామని వాళ్ళచేత కూడా సంతకాలు పెట్టిస్తారు. అనుభవం నేర్పిన జాగ్రత్త.

ఇదంతా సీమ సంగతి, మనకెందుకు అంటారా? మన చట్టాలు చాలావరకు అక్కడినుంచి వచ్చినవే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇంగ్లీషువాళ్ళు రాసిపెట్టినవే. అయితే ఒకచోట తేడా పెట్టారు. ఇంగ్లండులో ప్రతులు మార్చుకోగానే కొన్నవాడికి ఇంటిమీద ఒక రకమైన హక్కు పుడుతుంది. మన దగ్గర అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఇంటిమీద ఏ హక్కూ పుట్టదని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను చెబుతుంది. హక్కు వచ్చేది రిజిస్ట్రీతోనే. అగ్రిమెంటు చేసేది అమ్మినవాడిని మాటకు కట్టెయ్యడం మాత్రమే.

బయానా మీద కూడా మన సుప్రీంకోర్టు తన మాట తాను చెప్పింది. 1949లో ఒక ఆస్తిని 1,12,500 రూపాయలకు అమ్మే ఒప్పందం కుదిరింది. బయానా 1,000. స్వాధీనం ఇచ్చేటప్పుడు ఇంకొక 24,000 పుచ్చుకున్నారు. కొన్నవారు మిగతా డబ్బు కట్టలేదు, అమ్మినవారు మొత్తం 25,000 మాదే అన్నారు. 1963లో ఫతేచంద్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు, బయానా అని పుచ్చుకున్న 1,000 ఉంచుకోండి, 24,000 మాత్రం జప్తు చేసుకోవడానికి వీల్లేదు, మీకు ఎంత నష్టం జరిగిందో దానికి తగినంతే అడగాలి అంది. అదే 1963లో వచ్చిన నిర్దిష్ట ఉపశమన చట్టం ఇల్లు రిజిస్ట్రీ చేయించి తీరాలని ఆర్డరివ్వడం జడ్జీ విచక్షణకు వదిలింది. 2018లో దాన్ని సవరించి ఆ విచక్షణను బాగా తగ్గించారు.

ఈ రోజుల్లో మన ఊళ్ళల్లోనూ పాత ఇల్లు అమ్మి ఆ డబ్బుతో ఫ్లాటు కొనడం మామూలయింది. అంటే గొలుసు మన గుమ్మంలోకీ వచ్చేసింది. ఒక అగ్రిమెంటులో మూడు నెలల గడువు, ఇంకొక దాంట్లో రెండు నెలల గడువు రాసి నిశ్చింతగా కూచునేవాళ్ళు ఎందరో. ఆ రెంటి మధ్యనున్న ఒక్క నెలలోనే రైనేరి కేసు మధ్యవారు కూచుని ఉన్నారు, గమనించారా?

అగ్రిమెంటు కాగితం వంటింట్లోకి రాదు. సంతకాలు అయ్యాక, స్వీటు పొట్లంతో పాటు, అయిపోయిందోయ్ అన్న మాట మాత్రం వస్తుంది. అది రాకముందే గడువులు రెండూ పక్కపక్కన పెట్టి చూడమనండి, మీరూ చూడండి. ఇష్టం లేకపోతే ఆ రోజే చెప్పండి. పత్రికలు మార్చుకున్నాక చెప్పిన మాటకు అక్కడ 5,500 పౌన్లు ఖరీదైంది.